అంగుళానికి పావు టన్ను

"ఎనక కాస్త దించెయ్యాలి మేస్త్రీ. ఖాళీగున్నప్పుడు ఎగిరెగిరి పడతంది."

"ఎన్నంగుళాలు బావూ?"

గరివిడి, చీపురుపల్లి పక్క పాత పికప్ ఉన్నవాళ్లు మెకానిక్ షెడ్డుకి వెళ్తే మాట ఇలాగే మొదలవుతుంది. మొదలైన చోటే ఆగిపోతుంది కూడా. ఎన్ని అంగుళాలో ఓనరు ఆలోచించి ఉండడు. "చూడ్డానికి సమంగా ఉంటే చాలు" అంటాడు. మేస్త్రీ అడిగింది మాత్రం చాలా పెద్ద ప్రశ్న. ఒక అంగుళానికీ మూడు అంగుళాలకీ మధ్య బండి మోసే బరువు మారిపోతుంది, బ్రేకు మారిపోతుంది, రాత్రిపూట ఎదుటివాడి కళ్లలో పడే లైటు మారిపోతుంది. ఆఖరికి చట్టం కూడా మారిపోతుంది. ఆ ప్రశ్నకు జవాబు టేపుతో, కాటాతో, పది సిమెంటు బస్తాలతో ఎవరికి వారే తేల్చుకోవచ్చు. ఎలాగో చూద్దాం.

ముందుగా అసలు ఆ వెనక భాగం అంత ఎత్తుకి ఎందుకు లేచిందో తెలియాలి. పికప్ కంపెనీ నుంచి వచ్చినప్పుడే వెనక కొంచెం ఎత్తుగా ఉంటుంది. లోడు పడ్డాక సమానానికి రావాలని అలా కడతారు. మన ప్రాంతంలో పాత బండ్లు అంతకంటే ఎత్తుగా ఉండడానికి కారణం భూమిలో ఉంది. మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైందే ఈ విజయనగరం ప్రాంతంలో, 1892లో. ఇక్కడి కోడూరు గనుల దగ్గర దొరికిన రాయికి ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ ఊరి పేరే పెట్టి 'కోడూరైట్' అన్నాడు. దేశంలోని మాంగనీసు నిక్షేపాల మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం 1909లో వచ్చింది. తర్వాత 1950ల చివర గరివిడి శ్రీరామ్‌నగర్‌లో ఫేకర్ ఫెర్రో అల్లాయిస్ కర్మాగారం వచ్చింది. ఖనిజం, బొగ్గు, స్లాగు చుట్టూ తిరిగే బండ్లతో ఊరు పెరిగింది.

ఖనిజంతో వచ్చిన చిక్కు ఏమిటంటే అది కంటిని మోసం చేస్తుంది. పికప్ తొట్టి పొడవు రెండున్నర మీటర్లు, వెడల్పు 1.7 మీటర్లు అనుకుందాం. నేల వైశాల్యం 4.25 చదరపు మీటర్లు. వదులుగా పోసిన మాంగనీసు ఖనిజం ఘనపు మీటరుకి సుమారు 2.2 టన్నులు తూగుతుంది. 1,200 కిలోలు పోస్తే తొట్టిలో దాని మందం 13 సెంటీమీటర్లు, అంటే జానెడు కూడా రాదు. అదే 1,200 కిలోల ధాన్యం విడిగా పోస్తే దాదాపు 49 సెంటీమీటర్లు వస్తుంది, మూరెడు కంటే ఎక్కువ. ధాన్యం పోసిన బండి నిండుగా కనిపిస్తుంది, ఖనిజం పోసిన బండి ఖాళీగా కనిపిస్తుంది. "ఇంకా బోల్డు చోటుంది కదా" అని పార ఆగదు. చక్రాల మీద తొట్టి కూర్చుండిపోతుంది. ఓనరు షెడ్డుకి వెళ్లి వెనక ఒక్కో స్ప్రింగు పట్టీల కట్టలో రెండు పట్టీలు అదనంగా వేయిస్తాడు.

ఆ బండి పదేళ్లో పదిహేనేళ్లో తిరిగాక చేతులు మారుతుంది. కొత్త ఓనరు దాన్ని టెంటు హౌసు కుర్చీలకో, మేకల సంతకో, పాల క్యాన్లకో వాడతాడు. బరువు తగ్గింది, పట్టీలు మాత్రం అలాగే ఉన్నాయి. కాబట్టి గరివిడిలో 'వెనక దించడం' అంటే చాలాసార్లు పాత ఓనరు ఎత్తినదాన్ని తిరిగి కిందకి తేవడమే. నా లెక్కలో ఇదొక్కటే న్యాయమైన దించడం. అక్కడితో ఆగని దించడం సంగతి తర్వాత చెబుతాను.

పది బస్తాల పరీక్ష

పెట్రోలు బంకులోనో రైసు మిల్లులోనో సమంగా ఉన్న కాంక్రీటు నేల చూసుకోండి. బండి ఖాళీగా ఉన్నప్పుడు వెనక చక్రం నడిబొడ్డు నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. రెండు పక్కలా కొలవాలి. పాత బండికి ఒక పక్క కట్ట అలిసిపోయి అర అంగుళం కిందకి ఉండడం మామూలే. తర్వాత పది సిమెంటు బస్తాలు వెనక ఇరుసు గొట్టానికి, అంటే హౌసింగ్‌కి, సరిగ్గా పైన వచ్చేలా పేర్చండి. బస్తా 50 కిలోలు, మొత్తం 500. బండిని నాలుగడుగులు ముందుకీ వెనక్కీ కదిపి మళ్లీ కొలవండి. కదపకపోతే పట్టీల మధ్య రాపిడి వల్ల కొలత తప్పు చూపిస్తుంది.

500 కిలోలకి 50 మిల్లీమీటర్లు దిగితే మీ వెనక కట్టల గట్టితనం మిల్లీమీటరుకి 10 కిలోలు. 36 మాత్రమే దిగితే 14 కిలోలు. నేను ఇక్కడ వాడే లెక్కలన్నిటికీ ఈ రెండు అంకెలే ఆధారం. మొదటిది అయిదు పట్టీల కట్ట, రెండోది ఏడు పట్టీల కట్ట. ఒక్కో పట్టీ 60 మిల్లీమీటర్ల వెడల్పు, 8 మిల్లీమీటర్ల మందం, కట్ట కళ్ల మధ్య పొడవు 1,200 మిల్లీమీటర్లు పెట్టుకుంటే రెండు పక్కల కట్టలకీ కలిపి పుస్తకాల్లోని సూత్రం సరిగ్గా ఈ అంకెలే ఇస్తుంది. మీ బండి కొలతలు వేరుగా ఉండొచ్చు. అందుకే బస్తాల పరీక్ష.

ఇక్కడ తెలుసుకోవలసినది ఇంకొకటి ఉంది. పట్టీల సంఖ్య పెంచితే గట్టితనం అదే నిష్పత్తిలో పెరుగుతుంది. అయిదు ఏడయితే 40 శాతం. మందం సంగతి అలా కాదు. 8 మిల్లీమీటర్ల పట్టీల బదులు 10 మిల్లీమీటర్లవి వేస్తే గట్టితనం దాదాపు రెట్టింపు అవుతుంది, ఎందుకంటే అక్కడ మందం ఘనం లెక్కకొస్తుంది. "రెండు మిల్లీమీటర్లే కదా" అని పాత సామాన్ల కొట్లో లారీ పట్టీ ఏరుకొచ్చి పికప్‌కి వేసినవాళ్లు తర్వాత నడుం నొప్పికి మందులు కొనుక్కుంటారు.

ఎగిరెగిరి పడడానికీ ఒక అంకె ఉంది

కట్ట మీద బరువు పడినప్పుడు అది ఎన్ని సెంటీమీటర్లు వంగిందో చూసి, ఆ అంకెకి వర్గమూలం తీసి, 5ని దానితో భాగించండి. బండి సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో వస్తుంది. ఇంజనీర్లు వాడే అడ్డదారి ఇది. చక్రాలు, హౌసింగ్ బరువు పోగా ఖాళీ బండి వెనక కట్టల మీద 500 కిలోలు పడుతున్నాయి అనుకుందాం. అయిదు పట్టీల కట్ట 5 సెంటీమీటర్లు వంగుతుంది. ఊపు సెకనుకి 2.2 సార్లు. ఏడు పట్టీల కట్ట 3.6 సెంటీమీటర్లే వంగుతుంది. ఊపు 2.6 సార్లు. పైన ఇంకో టన్ను వేసి 1,500 కిలోలు చేస్తే అయిదు పట్టీలకి 1.3, ఏడు పట్టీలకి 1.5.

మనిషి నడకలో ఒంటికి అలవాటైన ఊపు సెకనుకి ఒకటీ రెండు మధ్య. కార్లని కూడా ఒకటికీ ఒకటిన్నరకీ మధ్య ఉండేలా తయారు చేస్తారు. రెండు దాటితే ఒళ్లు విసుక్కోవడం మొదలవుతుంది. నాలుగు నుంచి ఎనిమిది మధ్యలో కడుపు, వెన్ను మరీ ఇబ్బంది పడతాయి. లోడు ఉన్నప్పుడు మెత్తగా పోయే బండి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు ఎందుకు గెంతుతుందో ఇప్పుడు తెలిసింది కదా. గెంతడానికి కారణం ఎత్తు కాదు, గట్టితనం. ఓనరు కంటికి రెండూ కలిసి కనిపిస్తాయి కాబట్టి "దించితే గెంతడం తగ్గుతుంది" అనుకుంటాడు. పట్టీలు తీసి దించితే నిజంగానే తగ్గుతుంది. వేరే పద్ధతిలో దించితే ఎత్తు తగ్గుతుంది, గెంతడం అలాగే ఉంటుంది.

రెండు పట్టీలు తీస్తే ఎంత దిగుతుంది? మన పికప్‌లలో ఎక్కువగా కట్ట హౌసింగ్ మీద కూర్చుంటుంది. ఒకసారి కింద పడుకుని చూసుకోండి. అలా ఉంటే రెండు పట్టీల మందం 16 మిల్లీమీటర్లు నేరుగా తగ్గుతుంది. మిగిలిన కట్ట మెత్తబడి 36కి బదులు 50 వంగుతుంది కాబట్టి ఇంకో 14. మొత్తం 30 మిల్లీమీటర్లు, అంగుళం పావు. అదనంగా వేసిన పట్టీలకి పొంగు, అంటే విల్లులాంటి వంపు, ఎక్కువ ఉంటే ఇంకొంచెం దిగుతుంది.

పని చిన్నదే, పద్ధతి మాత్రం తప్పకూడదు. రెండు పక్కలా ఒకేలా తీయాలి. కంటి చుట్టలున్న మెయిన్ పట్టీని, దాన్ని చుట్టుకుని ఉండే రెండో పట్టీని ముట్టుకోకూడదు. మెయిన్ పట్టీ విరిగినా హౌసింగ్ వెనక్కి జారిపోకుండా పట్టుకునేది రెండోదే. కట్ట పలచబడింది కాబట్టి సెంటర్ బోల్టు, యూ బోల్టులు దానికి సరిపడే పొడవువి కొత్తవి వేయాలి. పాత యూ బోల్టు ఒకసారి సాగిన ఇనుము. కింద నాలుగు వాషర్లు పెట్టి బిగించడం మేస్త్రీకి సులువే కానీ అది పట్టు నిలుపుకోదు. కొత్తవి వేశాక కూడా రెండు మూడు రోజులు లోడుతో తిరిగి వచ్చి మళ్లీ బిగించుకోవాలి. జాకీని నమ్ముకుని బండి కిందకి దూరొద్దు. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టాకే యూ బోల్టు విప్పాలి.

ఇక కమ్మరి కొలిమిలో పట్టీని ఎర్రగా కాల్చి పొంగు తగ్గించే పద్ధతి. ఇది వద్దు. స్ప్రింగు ఉక్కుని కర్మాగారంలో కాల్చి నూనెలో ముంచి, మళ్లీ లెక్క ప్రకారం వేడి చేసి ఆ వంగే గుణం తెస్తారు. మళ్లీ ఎర్రగా కాలిస్తే ఆ గుణం పోతుంది. కొన్నాళ్లకి ఒక పక్క చప్పబడిపోతుంది, లేదంటే విరుగుతుంది. పొంగు సరిచేయించాల్సి వస్తే కట్టల పని తెలిసిన షాపులో, కాల్చకుండా సుత్తితో కొట్టి దిద్దేవాళ్ల దగ్గరికి వెళ్లండి.

అక్కడితో ఆగకపోతే

ఇప్పుడు అసలు అంకె. కట్ట గట్టితనం మిల్లీమీటరుకి 10 కిలోలు. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు. గుణిస్తే 254. కంపెనీ ఎత్తుకంటే దించే ప్రతి అంగుళానికీ బండి మోసే బరువులో పావు టన్ను పోతుంది.

ఎలాగంటే, హౌసింగ్‌కీ ఛాసిస్ కింద ఉండే రబ్బరు స్టాపరుకీ మధ్య ఖాళీ బండిలో 120 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. టన్ను లోడుకి 100 దిగుతుంది. మిగిలిన 20 గోతులకీ గుంతలకీ. అదీ చాలా తక్కువే. పట్టీలు తీయకుండా పొంగు తగ్గించి రెండంగుళాలు దించారనుకోండి. ఖాళీ 70కి వస్తుంది. గోతులకి 20 ఉంచుకుంటే లోడుకి మిగిలింది 50. అంటే 500 కిలోలు. టన్ను బండి అర టన్ను బండి అయిపోయింది. ఓనరు మాత్రం టన్నే వేస్తాడు. స్టాపరు హౌసింగ్‌కి తగిలిన క్షణం నుంచి కట్ట లేనట్టే, దెబ్బ నేరుగా ఛాసిస్‌కి పోతుంది. పాత ఛాసిస్‌కి తుప్పు ఉంటే సరిగ్గా అక్కడే పగులు మొదలవుతుంది.

అమెరికాలో పాత పికప్‌లని నేలకి ఆనించినట్టు దించడం పెద్ద సరదా. అక్కడ చదువుకునే మన పిల్లలు పంపే ఫోటోలు చూసి ఇక్కడ మోజు పడేవాళ్లు ఉన్నారు. ఆ ఫోటోల్లో తరచుగా కనిపించే పాత షెవర్లే సీ10కి 1960 నుంచి 1972 దాకా వెనక ఎక్కువగా ఉండేవి కాయిల్ స్ప్రింగులు. పొట్టి కాయిల్ వేస్తే బండి దిగిపోతుంది. 1973 నుంచి దానికీ కట్టలే వచ్చాయి. కట్టల బండిని వాళ్లు దించే పద్ధతి, హౌసింగ్ మీదున్న కట్టని కిందకి మార్చడం. హౌసింగ్ గొట్టం మందం 75 మిల్లీమీటర్లు, కట్ట మందం 40 అయితే బండి ఒక్కసారిగా 115 మిల్లీమీటర్లు, నాలుగున్నర అంగుళాలు దిగుతుంది. మన లెక్కలో స్టాపరుకి మిగిలింది 5 మిల్లీమీటర్లు. అందుకే వాళ్లు ఛాసిస్‌లో పైకి గాడి కోసి, పలకలు వెల్డింగ్ చేస్తారు. పావు టన్ను లెక్క వేసుకుంటే పోయిన బరువు 1,125 కిలోలు. ఆ బండి ఇక సామాను మోయదు. ఆదివారం షికారుకి పనికొస్తుంది. వాళ్లకి కావలసింది అదే. మేకలు ఎక్కించుకుని సంతకెళ్లేవాడికి కావలసింది అది కాదు.

రెండో దెబ్బ హెడ్‌లైట్ల మీద. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 2.7 మీటర్లు ఉండి, వెనక ఒక్కటే 50 మిల్లీమీటర్లు దిగితే బండి ముక్కు పైకి లేస్తుంది. 25 మీటర్ల దూరంలో లైటు వెలుగు 46 సెంటీమీటర్లు పైకి పోతుంది. ఎదుటి మోటారు సైకిలువాడి ఛాతీ మీద పడాల్సింది కళ్లలో పడుతుంది. రాత్రిపూట పల్లె రోడ్డు మీద ఇది చిన్న విషయం కాదు. పట్టీలు తీసి అంగుళం పావు దించినా సరే, ఆ సాయంత్రమే గోడకి ఎదురుగా నిలబెట్టి లైట్ల స్క్రూలు సరిచేయించండి.

మూడోది బ్రేకు. ఇది ఎవరూ చెప్పరు. చాలా పికప్‌లలో వెనక హౌసింగ్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఒక కడ్డీతో కలిపిన వాల్వు ఉంటుంది. తొట్టి కిందకి దిగితే లోడు పడిందని అది అనుకుని వెనక బ్రేకులకి ఎక్కువ ఒత్తిడి వదులుతుంది. ఖాళీగా ఉంటే తక్కువ వదులుతుంది. మీరు బండిని దించితే ఖాళీ బండిని కూడా అది లోడు బండి అనుకుంటుంది. వానలో గట్టిగా బ్రేకు తొక్కితే వెనక చక్రాలు ముందే బిగుసుకుని తోక పక్కకి తిరుగుతుంది. అదనపు పట్టీలు వేసి ఎత్తిన బండిలో జరిగేది దీనికి తలకిందులు. లోడున్నా వాల్వు ఖాళీ అనుకుని వెనక బ్రేకు సరిగా ఇవ్వదు. ఏ దిక్కున ఎత్తు మార్చినా ఆ కడ్డీని కంపెనీ కొలతకి సరిచేయించాలి. కంపెనీ ఎత్తుకే తిరిగొస్తే అదీ దాని చోటికే తిరిగొస్తుంది. మధ్యలో ఎవరైనా దాన్ని వంచి ఉంటే తప్ప.

టైర్లు మార్చి దించుదాం అంటారు కొందరు. 215/75 ఆర్ 15 టైరు ఎత్తు 703 మిల్లీమీటర్లు. 205/65 ఆర్ 15 వేస్తే 647. బండి దిగేది అందులో సగం, 28 మిల్లీమీటర్లు. స్పీడోమీటరు 60 చూపిస్తే నిజంగా పోయేది 55. అంతకంటే పెద్ద ప్రమాదం, ఆ రెండో టైరు ఎక్కువగా కార్లకి చేసినది. సామాను బండికి దాని మీద రాసి ఉండే లోడు అంకె చాలదు.

మలుపుల్లో నిలకడ వస్తుందన్న మాట నిజమే కానీ ఎంత? వెనక 50 మిల్లీమీటర్లు దిగితే మొత్తం బండి గురుత్వ కేంద్రం 25 దిగుతుంది. చక్రాల వెడల్పు 1.4 మీటర్లు, కేంద్రం ఎత్తు 90 సెంటీమీటర్లు అనుకుని లెక్క కడితే, 40 కిలోమీటర్ల వేగంతో తిరగగలిగిన మలుపుని 40.6తో తిరగొచ్చు. ఆ అర కిలోమీటరు కోసం అర టన్ను వదులుకోవడం తెలివైన బేరం కాదు.

కళాసీ భుజం

దించడానికి ఒక మంచి కారణం కూడా వింటాం. ఎత్తించడం తేలికవుతుందని. ఈ పక్క ధాన్యం బస్తా అంటే పాత అలవాటుగా 80 కిలోలు. తొట్టి 5 సెంటీమీటర్లు దిగితే, పన్నెండు బస్తాలు ఎత్తడంలో మిగిలే శక్తిని లెక్క కడితే సుమారు 470 జౌళ్లు. కండరం తిన్నదాంట్లో నాలుగో వంతే పనిగా మారుస్తుంది కాబట్టి అన్నంలో చెప్పాలంటే ఏడెనిమిది మెతుకులు. భౌతికశాస్త్రం ఇంతే చెబుతుంది. కళాసీని అడిగితే వేరే మాట చెబుతాడు. బస్తా నడుం ఎత్తులో ఉన్నంతసేపు తోయొచ్చు, అది దాటితే భుజంతో ఎత్తాలి. ఆ అయిదు సెంటీమీటర్లు ఆ గీతకి ఏ పక్కన పడ్డాయన్నదే అతని నడుం లెక్క. అతని మాటే సరైనది. కానీ దానికి మందు కట్టల్లో లేదు. రెండు మీటర్ల చెక్క పలక వాలుగా వేసుకుంటే 85 సెంటీమీటర్ల ఎత్తు తొట్టికి వాలు 25 డిగ్రీలు. తొట్టిని 75కి దించినా వాలు 22కే వస్తుంది. అదే పలకని ఇంకో అరమీటరు పొడవు పెంచితే దించకుండానే 20కి వస్తుంది. మేకలు కూడా దాన్ని సంతోషంగా ఎక్కుతాయి.

చట్టం మాట రెండు ముక్కల్లో. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అధిక లోడుకి 20,000, పైన ప్రతి టన్నుకీ ఇంకో 2,000. ఎనిమిదేళ్లు దాటిన సామాను బండికి ఫిట్‌నెస్ ఏడాదికోసారి. అదనపు పట్టీలు తీసేసి కంపెనీ ఎత్తుకి రావడం మిమ్మల్ని చట్టం ఇవతలికి తెస్తుంది. ఆ తర్వాత దించే మొదటి అంగుళం అవతలికి తోస్తుంది.

కాబట్టి మేస్త్రీ "ఎన్నంగుళాలు బావూ?" అని అడిగితే చెప్పాల్సిన జవాబు, "కంపెనీ పట్టీలెన్నో అన్నే ఉంచు, మిగతావి తీసెయ్" అని. అంగుళాలు వాటంతట అవే వస్తాయి.

తీసిన పట్టీలని షెడ్డులో వదిలి రాకండి. మీటరు పొడవున్న పట్టీ ఒక్కోటి మూడు ముప్పావు కిలోలు, నాలుగూ కలిపి పదిహేను కిలోలు. కొడవలికీ కత్తికీ దీనంత మంచి ఉక్కు లేదని ఈ పక్క కమ్మర్లందరికీ తెలుసు.